విప్పని ఇంజనుకే నా ఓటు

రెండు నెలల కిందట మా పిన్ని కొడుకు పికప్ వ్యాను కొనాలని నన్ను వెంటబెట్టుకుని సింగరాయకొండ వెళ్ళాడు. అల్లూరు వైపు వాళ్ళ మామగారికి రొయ్యల చెరువులున్నాయి. మేత బస్తాలు, సున్నం, ఐసు, పట్టుబడి అంటే రొయ్యలు పట్టే రోజున ట్రేలు, వీటన్నిటికీ ఏడాది పొడవునా బాడుగలు కట్టేకంటే సొంత బండి ఉంటే మేలని అతని లెక్క. ఆ రోజు రెండు బండ్లు చూశాం.

మొదటిది మీటరులో 1,92,000 కిలోమీటర్లు చూపిస్తోంది. బానెట్ ఎత్తితే ఇంజను వెండిరంగులో మెరిసిపోతోంది. "ఇంజను పని కొత్తగా చేయించాం సార్, ఇంకో మూడు లక్షల దాకా మీరు చూడనక్కర్లేదు" అన్నాడు అమ్మే మనిషి. రెండోది 3,86,000 తిరిగింది. ఇంజను పక్కల నూనె, దుమ్ము కలిసి అట్టలు కట్టి ఉన్నాయి. దాని యజమాని ఏదో తప్పు ఒప్పుకుంటున్నవాడిలా గొంతు తగ్గించి, "దీన్ని ఇంతవరకు విప్పలేదండీ" అన్నాడు. నేను రెండో బండి తీసుకొమ్మన్నాను.

మా పిన్ని నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తన కొడుకు చేత పాత ఇనుము కొనిపించానని ఆమె బాధ. మా బావ ఇంకాస్త గట్టిగానే అడిగాడు: "కొత్తగా పని చేయించిన ఇంజను ఎదురుగా ఉంటే, నాలుగు లక్షలకు దగ్గరపడినదాన్ని ఎవరైనా ఎంచుకుంటారా?" నలుగురిలో ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోయాను. 2014లో కొన్న ఒకే పికప్‌ను నేనే నడుపుతూ, నేనే చూసుకుంటూ ఈ రోజుకు 4,31,000 కిలోమీటర్లు తిప్పాను. ఆ అనుభవంలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: "ఇంజను పని చేయించాం" అన్న మాట విన్నప్పుడు ధైర్యం కాదు, అనుమానం రావాలి. కొలిచి చూడకుండా ఏ ఇంజనునూ విప్పనివ్వకూడదు.

మీటరుకు తెలియని గంటలు

మన దగ్గర బండి వయసు కిలోమీటర్లలో చెప్పుకుంటాం. ఇంజనుకు మాత్రం తాను ఎంత దూరం పోయిందో తెలియదు. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు చల్లగా ఉన్నప్పుడు మొదలైంది, ఎంత దుమ్ము పీల్చింది, ఇవే దాని ఒంటికి తెలుస్తాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. జాతీయ రహదారి మీద సగటున గంటకు 50 కిలోమీటర్ల చొప్పున నడిచిన బండి నాలుగు లక్షల కిలోమీటర్లు పూర్తిచేయడానికి 8,000 గంటలు పడుతుంది. చెరువు గట్ల మీద, ఊళ్ళ మధ్య గంటకు 20 చొప్పున నడిచిన బండికి రెండు లక్షల కిలోమీటర్లకే 10,000 గంటలు అవుతాయి. మీటరు చూసి కొనేవాడు ఈ రెండోదాన్ని సగం వయసుదనుకుని ఎక్కువ ధర పెడతాడు.

గంటలన్నీ కూడా ఒకటి కావు. రాత్రి కావలిలో ట్రేలు ఎక్కించుకుని, ఒక్కసారి స్టార్ట్ చేసి, తెల్లవారేలోపు చెన్నైలో దింపే బండిలో ఆయిల్ కావలసిన వేడికి వచ్చి అక్కడే నిలకడగా ఉంటుంది. ఇంజనుకు అంతకంటే సుఖమైన బతుకు లేదు. అదే బండి చెరువు గట్టు మీద లోడు కోసం రెండు గంటలు ఊరికే ఆడుతూ నిలబడితే మీటరు ఒక్క అంకె కదలదు. లోపల మాత్రం సరిగ్గా మండని డీజిల్ మసి కడుతూ, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల గాడుల్లో చేరుతూ, సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ ఉంటుంది. "ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమో" అన్న భయంతో ఆపకుండా నిలబెట్టే డ్రైవర్లను రోజూ చూస్తున్నాను. బ్యాటరీ మార్చడానికి వెనకాడి ఇంజనును అరగదీసుకుంటున్నామని ఎందరికి చెప్పినా ఎక్కదు.

సింగరాయకొండ మొదటి బండి దగ్గర నా చూపు ముందు పడింది క్లచ్ పెడల్ మీద. రబ్బరు పూర్తిగా అరిగి ఇనుము కనిపిస్తోంది. గేరు కడ్డీ గుండు మీద అంకెలు లేవు. తాళం పెట్టే చోటు చుట్టూ ప్లాస్టిక్ నున్నగా అరిగిపోయింది. 1,92,000 నిజమైతే ఆ బండి జీవితమంతా మొదటి రెండు గేర్లలో గడిపి ఉండాలి. నిజం కాకపోతే మీటరు మార్చి ఉండాలి. రెండింటిలో ఏదైనా ఆ వెండిరంగు నాకు పనికిరాదు.

విప్పి బిగించడం వెనక ఏముంది

ఇంజను పని అంటే అరిగిన ముక్కలు తీసి కొత్తవి వేయడమేనని చాలామంది అనుకుంటారు. లక్షల కిలోమీటర్లు కలిసి తిరిగిన ముక్కలు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. పిస్టన్ రింగు, అది తిరిగే సిలిండరు లోపలి గోడ అంటే బోరు, ఇంజనును తిప్పే ఇరుసు అంటే క్రాంకు, దాన్ని మోసే బేరింగు, అన్నీ ఏ జతకు ఆ జత. వాటిని విడదీశాక మళ్ళీ ఆ పొందిక తీసుకురావడం మిల్లీమీటరులో వందో వంతు తేడాలను కొలిచే పని. మంచి లేత్ షాపులో, మంచి చేతిలో అది జరుగుతుంది. జరగని చోట్లు నేను ఎక్కువ చూశాను.

బోరు కొట్టి (సిలిండరు లోపల కోసి సరిచేసి), హోనింగ్ చేశాక (రాయితో సన్నటి గీతలు పడేలా రుద్దాక) బ్లాకును వేడి సబ్బునీళ్ళతో, బ్రష్షుతో, తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే మరక అంటనంతవరకు కడగాలి. రాయి నుంచి రాలిన గరుకు పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. డీజిల్ పోసి తుడిస్తే పైకి శుభ్రంగా కనిపిస్తుంది గానీ పొడి అక్కడే ఉండిపోతుంది, మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే కొత్త రింగులను తినేస్తుంది. రోడ్డు పక్క రేకుల షెడ్డులో, లారీలు పోతుంటే దుమ్ము లేచే చోట, డీజిల్ డబ్బాలో కడిగి బిగించిన ఇంజన్లు మన దగ్గర ఎన్ని లేవు?

ఇంకో రకం పని ఉంది, ఇంకా చవక. బోరు ముట్టుకోరు, రింగులు మాత్రం మార్చి ఇచ్చేస్తారు. బాగా అరిగిన సిలిండరులో పై రింగు తిరిగే చోటుకు పైన ఒక గట్టు మిగిలిపోతుంది. పాత రింగు ఆ గట్టుతో పాటే గుండ్రంగా అరిగి ఉంటుంది కాబట్టి తగలదు. కొత్త రింగుకు అంచు పదునుగా ఉంటుంది. అది గట్టుకు కొట్టుకుని విరుగుతుంది, కొన్నిసార్లు పిస్టన్‌లో రింగు కూర్చునే గాడినే చిట్లగొడుతుంది.

అందుకే ఆ వెండిరంగు బండి మనిషిని మూడు ప్రశ్నలు అడిగాను. బోరు కొట్టించారా, రింగులేనా? క్రాంకు గ్రైండింగ్ చేయించారా, చేయిస్తే బేరింగులు ఏ సైజువి వేశారు? లేత్ షాపు బిల్లు ఉందా? మెకానిక్‌ను అడిగి చెబుతానన్నాడు, ఫోను చేస్తే అవతల ఎవరూ ఎత్తలేదు. ఎనభై వేలో లక్షో పెట్టి పని చేయించినవాడి దగ్గర ఒక్క కాగితం ముక్క లేకుండా పోతుందా? మా ఊళ్ళో ఒకాయన తన ఇంజనులోంచి తీసిన పాత పిస్టన్లు, బేరింగులు గోనెసంచిలో కట్టి ఇంట్లో ఉంచుకున్నాడు. బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. ఆయన బండి అమ్మకానికి వస్తే, విప్పిన ఇంజనే అయినా, నేను బేరం ఆడకుండా కొంటాను.

నా బండికి పడిన శిక్ష

ఈ అభిప్రాయం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. 2019 వేసవిలో నా పికప్ 2,48,000 దగ్గర ఉండగా పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొండికేయడం మొదలుపెట్టింది. సెల్ఫ్ నీరసంగా తిరిగేది. అయిదారు సార్లు కొడితే గానీ అందుకునేది కాదు. అందుకున్నాక నిమిషంపాటు తెల్లటి పొగ, కళ్ళు మండే డీజిల్ వాసన. మెకానిక్‌కు చూపించాను. ఇంజను ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిరి తన్నుకొచ్చింది. "బోరు పోయింది, హాఫ్ ఇంజను చేయాలి" అన్నాడు. అంటే ఇంజను సగం విప్పి అరిగినవి మార్చే పని. డెబ్బై వేలు, పది రోజులు. చెరువుల పట్టుబడులు నడుస్తున్న రోజులవి. పది రోజులు బండి లేకపోతే అడిగినవాళ్ళంతా వేరే బండికి అలవాటు పడతారు. అయినా ఒప్పుకున్నాను. డబ్బు సర్దుకునే వ్యవధిలో, ధర సరైనదో కాదో కనుక్కుందామని నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన ఏదీ విప్పలేదు. సెల్ఫ్ తిరిగే చప్పుడు విన్నాడు. లావుపాటి కేబులు ఒకటి తెచ్చి బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజను బ్లాకుకు పట్టించి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. అర తిప్పుకే అందుకుంది. నాకు నోట మాట రాలేదు. బ్యాటరీ కింద, ఛాసీకి బిగించే చోట ఎర్త్ వైరు పచ్చగా చిలుము పట్టి, నాలుగు పోగులు మాత్రం మిగిలి ఉంది. రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పునీరు, సముద్రపు గాలి, రెండూ కలిసి చేసిన పని అది.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్ లేదు. గాలిని వేగంగా నొక్కడం వల్ల పుట్టే వేడే దాని నిప్పు. సెల్ఫ్ మెల్లగా తిరిగితే నొక్కిన గాలి రింగుల పక్కనుంచి జారిపోయే వ్యవధి దొరుకుతుంది, వేడి గోడలకు పోతుంది, డీజిల్ మండదు, తెల్లగా పొగై బయటికి వస్తుంది. బోరు పోయినప్పుడు కనిపించే లక్షణాలే అచ్చంగా ఇవీ. పాడైన ఎర్త్ వైరుకు, పాడైన ఇంజనుకు పై లక్షణాలు ఒకటే అయినప్పుడు కళ్ళతో చూసి తీర్పు ఎలా చెబుతాం?

ఆయన అక్కడితో ఆగలేదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు తీసి, ఒక్కో రంధ్రంలో నొక్కిన గాలి ఒత్తిడిని చూపే డీజిల్ కంప్రెషన్ గేజి బిగించి కొలిచాడు. 390, 385, 380, నాలుగోది 335 పీఎస్ఐ (ఒత్తిడి కొలత). మొదటి మూడూ దిటవుగా ఉన్నాయి, నాలుగోది వెనకబడింది. నా గుండె జారింది. ఆయన వాల్వుల మీద ఉండే ట్యాపెట్ కవరు తీసి నాలుగో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వుకు సందు లేదని చూపించాడు. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే గాలి నిలబడదు. సందు సరిచేసి మళ్ళీ కొలిస్తే 365 వచ్చింది. మూత తీస్తే తన్నిన ఆవిరి సంగతి అడిగాను. బ్రీదర్ పైపు ఊడదీసి చూపించాడు. లోపల జిడ్డు గడ్డకట్టి పెన్సిలు కూడా దూరనంత సందు మిగిలింది. ఇంజను ఊపిరి పోయే దారి మూసుకుంటే ఆవిరి మూతలోంచి కాక ఎక్కడి నుంచి వస్తుంది?

ఎర్త్ వైరు, ట్యాపెట్ సెట్టింగ్, బ్రీదర్ పైపు. మొత్తం ఖర్చు రెండు వేలు కూడా కాలేదు. ఆ ఇంజను అప్పటి నుంచి ఇప్పటికి 1,83,000 కిలోమీటర్లు తిరిగింది. పై భాగం, అంటే హెడ్, ఇంకా దించలేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. ఆయిల్ మూత తీసి చెయ్యి పెట్టడం అలాంటి పరీక్షే. కుండలో అన్ని మెతుకులూ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి అన్నానికి అది చాలు. నాలుగు సిలిండర్లకు నాలుగు బతుకులు.

ఆయిల్ లెక్కల పుస్తకం

కంప్రెషన్ గేజి అందరి దగ్గరా ఉండదు. పెట్రోలు బండికి వాడే గేజి దీనికి పనికిరాదు, అది చూపగలిగే అంకెను డీజిల్ ఒత్తిడి దాటిపోతుంది. కొందరు పెట్రోలు బండికి చేసినట్టే సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలిచి, అంకె పెరిగితే రింగులు పోయాయంటారు. డీజిల్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు చాలా తక్కువ. పోసిన ఆయిలే ఆ చోటును నింపి అంకెను పెంచుతుంది. ఆయిల్ ఎక్కువైతే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్డు వంగే ప్రమాదం కూడా ఉంది.

ఏ గేజీ లేకుండా ఎవరైనా చేయగల కొలత ఒకటుంది: ఇంజను ఎంత ఆయిల్ తాగుతోందో రాసుకోవడం. నేను 2015 నుంచి రాస్తున్నాను. ఆదివారం పొద్దున, బండి రాత్రంతా నిలబడ్డాక, మా ఇంటి ముందు చదునుగా ఉన్న ఒకే చోట ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూస్తాను. పోస్తే ఎంత పోశానో, మీటరు ఎంతుందో రాస్తాను. మొదటి రోజుల్లో ఆయిల్ మార్చిన దగ్గర నుంచి మళ్ళీ మార్చేదాకా పోయవలసిన పని ఉండేది కాదు. 2021కి ఆరు వేల కిలోమీటర్లకు లీటరు. ఇప్పుడు మూడున్నర వేలకు లీటరు. వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాటితే ఆలోచించాలని చాలామంది చెప్పే గీటు. నేను ఆ అంకె కంటే అది మారే తీరును ఎక్కువ చూస్తాను. ఏళ్ళ మీద మెల్లగా పెరిగితే అది వయసు. రెండు నెలల్లో రెట్టింపైతే ఏదో జరిగింది, దాన్ని వెతకాలి. కారుతోందా, కాలుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. బండి కింద అట్ట పరిచి ఒక రాత్రి ఉంచితే సగం జవాబు వస్తుంది.

ఆయిల్ తగ్గడం కంటే పెరగడం నన్ను ఎక్కువ భయపెడుతుంది. పోయకుండానే మట్టం పెరిగిందంటే డీజిలో నీళ్ళో అందులో కలుస్తున్నాయని అర్థం. అలాంటి రోజు బండి కదిలించకూడదు.

ఆయిల్ మార్చిన వారానికే నల్లబడిందని బెంగపెట్టుకునేవాళ్ళకు ఒక మాట: డీజిల్‌లో ఆయిల్ నల్లబడకపోతేనే వింత, మసిని పట్టి తనలో ఉంచుకోవడం దాని పని. రంగు బదులు పాత ఫిల్టరును చూడండి. నేను ప్రతిసారీ ఫిల్టరును కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూస్తాను. మెరుపు లేకపోతే హాయి. రాగిరంగు తళుకు కనిపిస్తే బేరింగు పై పూత అరిగి అడుగు లోహం బయటపడిందన్నమాట.

పొగ మీద మన మెకానిక్‌లకు ఉన్నంత నమ్మకం నాకు లేదు. నలుపు అంటే గాలి చాలకో డీజిల్ ఎక్కువయ్యో వచ్చేది, చాలాసార్లు ఎయిర్ ఫిల్టరో, టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసేది) గొట్టం పగులో, నాజిలో. నీలం అంటే ఆయిల్ కాలడం. ఆ నీలం కూడా కాసేపు నిలిపి రేసు ఇచ్చినప్పుడు మాత్రమే వస్తే వాల్వు సీళ్ళు కావచ్చు, లోడుతో గట్టెక్కుతున్నప్పుడు ఆగకుండా వస్తే రింగులు కావచ్చు. పొగను చూసి ప్రశ్న వేసుకోవచ్చు, జవాబు మాత్రం అందులో దొరకదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లలో మసిని పట్టేసే ఫిల్టరు పొగ గొట్టంలోనే ఉంటుంది. వాటిని పొగ చూసి కొనేవాళ్ళు ఏమి చూస్తున్నట్టు?

మా నాన్న వ్యాను

నా మాటకు అడ్డం వచ్చే సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. ఈ బండికి ముందు మా నాన్న నడిపిన పాత డీజిల్ వ్యాను ఉండేది. 2011లో అది వేడెక్కి నెమ్మదిగా ఆడుతున్నప్పుడు, ఆయిల్ ఒత్తిడి తగ్గితే వెలిగే ఆయిల్ లైటు మిణుకుమిణుకుమనేది. మా నాన్న ఇంజను చప్పుడు చెవితో చదివే మనిషి. "అడుగున ఏదో తేడా ఉంది, విప్పించరా" అన్నాడు. నేను వినలేదు. సెన్సార్ మార్పించాను, లైటు కొన్నాళ్ళు ఆగింది, నా మాటే నెగ్గిందనుకున్నాను. రెండు నెలల తర్వాత బిట్రగుంట దగ్గర, లోడుతో, టకటకమని మొదలైన చప్పుడు అయిదు నిమిషాల్లో ఇంజనును పట్టేసింది. రాడ్ బేరింగు తిరిగిపోయి క్రాంకు కాలిపోయింది. ఆ వ్యానును తూకానికి అమ్మాం. తీసుకుపోతున్న రోజు మా నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఆ రోజు ఆయన చెప్పినట్టు ఇంజను అడుగున ఆయిల్ ఉండే సంపు దించి బేరింగులు మార్చి ఉంటే, కొన్ని వేలతో పోయేది. కాబట్టి విప్పకపోవడమే గొప్ప అని నేను అనను. రింగులు ఏళ్ళ తరబడి హెచ్చరిస్తూ అరుగుతాయి, వాటి విషయంలో తొందర నష్టం. బేరింగులకు ఆ ఓపిక లేదు. ఆయిల్ లైటు మిణుకుమంటే సెన్సార్ తీసి ఆ రంధ్రంలో ముల్లు గేజి పెట్టి చూడాలి. వేడి మీద ఇంజను నిమిషానికి తిరిగే ప్రతి వెయ్యి తిప్పులకు 10 పీఎస్ఐ చొప్పున ఒత్తిడి ఉండాలన్నది పాత మేస్త్రీల లెక్క. అంత లేకపోతే ఆ రోజే విప్పాలి. నేను 2011లో చేసిన తప్పు విప్పకపోవడం ఒక్కటే కాదు, కొలవకపోవడం కూడా. నాన్న చెవి కరెక్టు. దాన్ని నిరూపించే గేజి ఆటోనగర్‌లో దొరికేది. నేను వెళ్ళలేదు.

మెకానిక్ చెవిని తక్కువ చేస్తున్నానని కొందరికి అనిపించవచ్చు. ముప్పై ఏళ్ళ అనుభవమున్న చెవి గేజి కంటే ముందే రోగాన్ని పట్టుకుంటుంది, నిజమే. నాకు నెల్లూరులో దారి చూపించిన పెద్దాయన కూడా ముందు చెవినే వాడాడు. అయితే ఆయన చెవి చెప్పినదాన్ని ఆయనే గేజితో సరిచూసుకున్నాడు. అంత అనుభవం లేనివాళ్ళు మాత్రం మూత తీసి చూడగానే తీర్పు చెప్పేశారు.

మా బావ వాదంలో ఒక్క మాటకు మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. "పట్టుబడుల మధ్య ఇంజను కూలబడితే నష్టం ఎవరు భరిస్తారు? చెరువులు ఎండగట్టే రోజుల్లో ముందే పని చేయించుకుంటే నిశ్చింత కదా" అన్నాడు. అలా ఆలోచించి చేయించేవాడిని నేను తప్పుపట్టను. నోటుపుస్తకంలో ఆయిల్ అంకె ఎగబాకుతుంటే నేనూ ఖాళీ రోజులు చూసుకునే విప్పిస్తాను. భయంతో విప్పించడానికి, లెక్క చూసి విప్పించడానికి మధ్య తేడా గురించే నా పట్టుదలంతా.

మన గాలి, మన నీళ్ళు

కంపెనీ పుస్తకంలో రాసిన గడువులు దేశమంతటికీ ఒకటే. మన రోడ్లు అలా లేవు. చీమకుర్తి వైపు రెండు సీజన్లు రాళ్ళ క్వారీల పక్క నడిపాను. ఆ గ్రానైట్ దుమ్ము ఇంజనుకు గాజుపొడి లాంటిది. ఎయిర్ ఫిల్టరు కొత్తదే అయినా, దాని తర్వాతి గొట్టం బిగింపు వదులైతే దుమ్ము ఆ పక్కదారినే పోతుంది. నెలకోసారి ఫిల్టరు దాటాక ఉండే గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిచి చూస్తాను. గుడ్డకు దుమ్ము అంటిందంటే అది రింగుల దగ్గరికి పోతున్న దుమ్మే. ఫిల్టరును పంపు గాలితో దగ్గర నుంచి కొట్టి శుభ్రం చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. కొత్త ఫిల్టరు ఖర్చుకు వెనకాడి లక్ష కిలోమీటర్లు పోగొట్టుకుంటున్నారు.

నీళ్ళ సంగతి కనిగిరి, పొదిలి వైపు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తాగడానికే పనికిరాని బోరు నీళ్ళను రేడియేటరులో పోస్తాం. గిన్నెల అడుగున పేరుకునే తెల్లటి పెచ్చే రేడియేటరు గొట్టాల్లోనూ, సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే దారుల్లోనూ పేరుకుంటుంది. ఇంజను వేడెక్కిపోయి హెడ్ వంగిపోయిన కేసుల్లో ఆ పెచ్చు పాత్ర చాలా ఉంటుంది. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం, రెండేళ్ళకోసారి మార్పు. ఖర్చు ఒక టైరు ధరలో పావు వంతు కూడా కాదు.

చెరువుల దగ్గర జనరేటర్ల కోసం డ్రమ్ముల్లో డీజిల్ నిల్వ ఉంచుతారు. దారిలో బంకు లేదని అందులోంచి పోయించుకోవడం అందరికీ అలవాటే. రాత్రి చల్లదనానికి డ్రమ్ము లోపలి గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. ఆ నీళ్ళు పంపుకో నాజిళ్ళకో వెళ్ళాయంటే పని వేలల్లో ఉంటుంది. డీజిల్ ఫిల్టరు కింద నీళ్ళు వదిలే మర ఉంటుంది, వారానికోసారి దాన్ని వదులు చేసి ఒక గాజు సీసాలో పట్టి చూడండి. పైన డీజిల్, అడుగున నీళ్ళ బొట్లు విడిగా కనిపిస్తాయి.

టర్బో ఉన్న బండిని హైవే మీద లోడుతో తోలుకొచ్చి ఆపగానే తాళం తిప్పేయకండి. ఒక నిమిషం ఆడనిస్తే చాలు.

రెండో బండి

ఆ 3,86,000 బండిని మేము ఊరికే నమ్మి కొనలేదు. యజమానికి ముందురోజే ఫోను చేసి, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దన్నాం. పొద్దున ఆరున్నరకు వెళ్ళి ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ఒక్క తిప్పుకే అందుకుంది. ఫిల్టరు తర్వాతి గొట్టంలో గుడ్డకు దుమ్ము అంటలేదు. వారం తర్వాత ఒంగోలులో గేజి పెట్టించాం. 375, 370, 380, 365. ఆయన ఆ బండిని ఏడేళ్ళు ఒంగోలు, చెన్నైల మధ్య కూరగాయలకు తిప్పాడట. ఎనిమిదేళ్ళు దాటిన బండి కాబట్టి ఏటా చేయించే ఫిట్‌నెస్ కాగితాలు వరుసగా ఉన్నాయి. వాటిలోని మీటరు అంకెలు ఒకదాని తర్వాత ఒకటి సరిపోయాయి. ముందు టైర్లు, ఎర్త్ వైరు, బ్రీదర్ పైపు మార్పించి, ఆయిల్ మార్చి తమ్ముడి చేతికి తాళాలిచ్చాను. మా అమ్మాయి ఆరో తరగతిలో సగం రాసి వదిలేసిన లాంగ్ నోట్‌బుక్ కూడా ఇచ్చాను.

మొన్న శుక్రవారం చెరువు దగ్గర నుంచి ఫోను చేశాడు. "అన్నా, 2,900 కిలోమీటర్లు అయింది. డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్య పావు వంతు దిగింది. పోయమంటావా?" అన్నాడు. బండి ఎక్కడ నిలబెట్టి చూశావని అడిగితే గట్టు మీదన్నాడు. ఆదివారం పొద్దున రామాలయం ముందు చదును మీద మళ్ళీ చూసి, అప్పుడు రాయమన్నాను. పిన్ని ఇంకా ఆ బండి ఎక్కలేదు.